కణం ఎంతవరకు ఆపుతుంది: ఇస్రిబ్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

దెబ్బ తగిలిన కణం ముందుగా చేసే పని కొత్త ప్రోటీన్ల తయారీని తగ్గించుకోవడం. వైరస్ చొరబడినా, విషం తగిలినా, అమైనో ఆమ్లాలు కరువైనా, మడత సరిగా పడని ప్రోటీన్లు లోపల పేరుకుపోయినా వ్యవహారం చివరికి ఒకే చోటికి చేరుతుంది. ఈఐఎఫ్2 అనే ప్రోటీన్‌లోని ఆల్ఫా భాగంలో 51వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దానికి ఒక ఫాస్ఫేటు తగులుతుంది. అంతే, కణమంతటా తయారీ తగ్గుతుంది. ఆ ఫాస్ఫేటును తగిలించే ఎంజైములు నాలుగు: హెచ్ఆర్ఐ, పీకేఆర్, పెర్క్, జీసీఎన్2. కారణాలు వేరు, ఎంజైములు వేరు, గురి ఒకటే. దీన్ని ఇంటిగ్రేటెడ్ స్ట్రెస్ రెస్పాన్స్ అంటారు. ఇకపై ఈ డైరీలో ఐఎస్ఆర్ అని రాస్తాను.

ఫాస్ఫేటు అలాగే ఉన్నా తయారీని మళ్లీ సాగనిచ్చే ఒక చిన్న అణువు ఉంది. పేరు ఇస్రిబ్. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీటర్ వాల్టర్ బృందం దీన్ని వెలుగులోకి తెచ్చింది. సుమారు 5 నానోమోలార్, అంటే చాలా పలచని, గాఢత దగ్గరే కణాల్లో దాని సగం ప్రభావం కనిపిస్తుంది. ఎలుకలకు ఇస్తే జ్ఞాపకశక్తి మెరుగుపడిందని అదే పత్రంలో రాశారు. పత్రికలకు ఆ ఒక్క వాక్యం చాలు. అప్పటి నుంచి దీన్ని 'జ్ఞాపకశక్తి మాత్ర' అని రాస్తూనే ఉన్నారు. నాకు ఆ ముక్క మీద ఆసక్తి లేదు. నాకు కావలసింది 2019లో వచ్చిన మరో పరిశీలన: ఐఎస్ఆర్ ఒక మోస్తరుగా ఉన్నంతవరకే ఇస్రిబ్ దాన్ని అణచగలదు, హద్దు దాటితే అణచలేదు.

ఆ హద్దు మా కణాల్లో ఎక్కడ ఉందో తేల్చడమే ఈ ప్రాజెక్టు మొదటి భాగం. ఒకే మోతాదుల వరుస మీద మూడు కొలతలు తీసుకుంటాం: ఎంత ఫాస్ఫేటు తగిలింది, ప్రోటీన్ తయారీ ఎంత తగ్గింది, కేంద్రకం బయటి సైటోప్లాజంలో స్ట్రెస్ గ్రాన్యూల్స్ అనే చుక్కలు ఎన్ని కణాల్లో వచ్చాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగితేనే రెండో భాగానికి, అంటే రక్తకణాల వైపు వెళ్తామని మా ల్యాబ్ అధిపతి మేడం షరతు పెట్టారు.

ఫిబ్రవరి, చివరి వారం

కణాలుగా యూ2ఓఎస్‌ను ఎంచుకున్నాం. 1964లో స్వీడన్‌లో ఒక 15 ఏళ్ల అమ్మాయి కాలి ఎముకలోని కణితి నుంచి మొదలైన వంశం ఇది. స్ట్రెస్ గ్రాన్యూల్స్ చూసేవాళ్లందరూ వీటినే వాడటానికి కారణం వాటి ఆకారం. పలచగా, వెడల్పుగా పరుచుకుంటాయి. కేంద్రకం చుట్టూ సైటోప్లాజం బోలెడంత కనిపిస్తుంది. ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చునే కణాల్లో చిన్న చుక్కలు లెక్కపెట్టడం కళ్లకు శిక్ష.

ఒత్తిడి కోసం సోడియం ఆర్సెనైట్. ఇది హెచ్ఆర్ఐని మేల్కొలుపుతుంది, మా రెండో భాగానికి కావలసిన ఎంజైము అదే. విషమన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పొడి తూచేటప్పుడు మాస్కు, రెండు జతల గ్లవ్స్. వాడిన ద్రావణం సింకులో పోయకుండా విడిగా సీసాలో పట్టి, మూతపై తేదీ రాసి వ్యర్థాల గదికి పంపాలి. ఇంకో చిక్కు ఏమిటంటే ద్రావణం నిల్వ ఉంటే గాలి తగిలి కొంత ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారుతుంది, బలం మారిపోతుంది. హద్దు వెతికే పనిలో మోతాదే మారిపోతుంటే ఇక తేలేదేమీ ఉండదు. అందుకే ఒకేసారి కలిపి, చిన్న చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఒకసారి కరిగించిన ట్యూబు మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లదు.

కొత్తగా చేరిన జూనియర్‌కు ఈ వారం అప్పగించిన పని కణాల సాంద్రత. ప్లేటు నిండిపోతే కణాలకు పోషకాలు తగ్గుతాయి, జీసీఎన్2 తనంతట తాను మేల్కొంటుంది, మనం ఏమీ కలపకముందే ఫాస్ఫేటు పెరుగుతుంది. ప్లేటులో సుమారు 70 శాతం నిండినప్పుడే ప్రయోగం మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాం. మీడియం మార్చడం కూడా కణాలకు ఒక కుదుపే. కాబట్టి ఆర్సెనైట్‌ను కొత్త మీడియంలో కాకుండా ఆ ప్లేటులోని మీడియంలోనే కలిపి తిరిగి పోస్తాం. కంట్రోల్ ప్లేటుకూ అదే తంతు, విషం మాత్రం ఉండదు.

మార్చి

నెలంతా వెస్టర్న్ బ్లాట్. బయటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, కణజీవశాస్త్రంలో సగం జీవితం ప్రోటీన్లను జెల్‌లో పరుగెత్తించి, మెంబ్రేన్‌కు ఎక్కించి, యాంటీబాడీ పోసి ఎదురుచూడటంలోనే గడుస్తుంది.

ఫాస్ఫేటును కొలవడంలో రెండు జాగ్రత్తలు. కణాన్ని పగలగొట్టగానే దానిలోని ఫాస్ఫటేజులు పనిలో పడతాయి, తగిలిన ఫాస్ఫేటును ఊడగొడతాయి. బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ ముందే ఉండాలి, ప్లేటు మంచు మీద ఉండాలి, చేతులు వేగంగా కదలాలి. రెండోది పాలపొడి. మామూలుగా మెంబ్రేన్‌ను పాలపొడి ద్రావణంలో నానబెట్టి ఖాళీలు పూడ్చుతాం, చవక కదా. అయితే పాలలోని కేసీన్ ఫాస్ఫేట్లు నిండిన ప్రోటీన్. ఫాస్ఫేటును వెతికే యాంటీబాడీతో పని ఉన్నప్పుడు పాలు పక్కన పెట్టి బీఎస్ఏ అనే ఆవు రక్తపు ప్రోటీన్ వాడాలి. ఖర్చు ఎక్కువే, కానీ మసక తగ్గుతుంది.

ప్రతి నమూనాను జంట జెల్స్‌లో నడిపాను. ఒకదానికి ఫాస్ఫేటు ఉన్న ఈఐఎఫ్2 ఆల్ఫాను మాత్రమే పట్టే యాంటీబాడీ, రెండోదానికి మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫాను పట్టేది. ఒకే మెంబ్రేన్‌ను కడిగి రెండోసారి వాడుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. కడుగుడులో ఎంత ప్రోటీన్ కొట్టుకుపోయిందో ఎవరికీ తెలియదు, అందుకే నాకు ఆ పద్ధతి నచ్చదు.

ప్రోటీన్లన్నిటినీ చూపే పాన్సో రంగు పోయగానే మెంబ్రేన్ మీద గులాబీ గీతలు తేలాయి, వరుసలన్నీ సమానంగా ఉన్నాయి. యాంటీబాడీ పోశాక 38 కిలోడాల్టన్ల బరువు దగ్గర పట్టీ. ఏమీ కలపని వరుసలో పలచని నీడ, 50 మైక్రోమోలార్ ఆర్సెనైట్ దగ్గర గీత, 100 దగ్గర ముదురు, 250 దగ్గర ఇంకా ముదురు, 500 దగ్గర నల్లటి మచ్చ. చూడటానికి ముచ్చటగా ఉంది, కానీ ఆ మచ్చే గొడవ. 50 మైక్రోమోలార్ పట్టీ స్పష్టంగా కనిపించేంతసేపు ఇమేజర్‌ను తెరిచి ఉంచితే 500 పట్టీ నిండిపోతుంది. నిండిన పట్టీని అంకెలోకి మార్చడానికి లేదు. 500 నమూనానే సగం, పావు, అరపావు పలచన చేసి పక్క వరుసల్లో నడిపితే అంకెలు నిజంగా సగం, పావు, అరపావు వచ్చే పరిధి ఏదో తెలుస్తుంది. ఆ పరిధి బయటి చిత్రాలు లెక్కలోకి రావు. అందంగా కనిపించిన చిత్రాలు చాలావరకు అలా బయటికే పోయాయి.

మధ్యలో కొత్త లాట్ యాంటీబాడీ వచ్చింది. పేరు అదే, నంబరు అదే, వరుసంతా మసక. సరఫరాదారుకు చిత్రాలు పంపితే 'మీ బ్లాకింగ్ మార్చి చూడండి' అని జవాబు. పాత లాట్, కొత్త లాట్ ఒకే నమూనా మీద పక్కపక్కన నడిపి మళ్లీ పంపాం. సీసా మార్చి ఇచ్చారు.

ఏప్రిల్

రెండో కొలత: ప్రోటీన్ తయారీ ఎంత తగ్గింది. ఒకప్పుడు రేడియోధార్మిక మెథియోనిన్‌తో కొలిచేవారు. ఇప్పుడు ప్యూరోమైసిన్ ఉంది. ఇది టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏ కొసను పోలి ఉంటుంది. ప్రోటీన్లు అల్లే యంత్రమైన రైబోజోమ్ దాన్ని అసలు సరుకే అనుకుని పెరుగుతున్న గొలుసుకు అతికిస్తుంది. గొలుసు అక్కడితో తెగి, ప్యూరోమైసిన్‌ను తోకకు తగిలించుకుని బయటపడుతుంది. కణాలకు కొద్ది నిమిషాలు ప్యూరోమైసిన్ ఇచ్చి, తర్వాత ఆ తోకను పట్టే యాంటీబాడీతో బ్లాట్ చేస్తే ఆ కొద్ది నిమిషాల్లో ఎన్ని గొలుసులు తయారవుతున్నాయో తెలుస్తుంది. సన్‌సెట్ అనే ఈ పద్ధతి 2009లో వచ్చింది.

ప్యూరోమైసిన్ సీసా చేతిలో ఉన్నప్పుడల్లా ఒక పక్కదారి గుర్తొస్తుంది. నలుపూ తెలుపూ కలిసిన పేరున్న స్ట్రెప్టోమైసిస్ ఆల్బోనైజర్ అనే మట్టి సూక్ష్మజీవి నుంచి దీన్ని వేరుచేసినట్టు ప్రకటించింది 1952లో, అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో. 1948లో కన్నుమూసేదాకా అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్యూరోమైసిన్ ఆయన కనిపెట్టినది కాదు, ఆయన వెళ్లిపోయాక బయటికి వచ్చింది. అయినా మట్టిలోని జీవుల్లో యాంటీబయాటిక్‌లు వెతికే పని ఆయన కాలంలోనే అక్కడ జోరందుకుంది, ఆరియోమైసిన్ ఆ ఫలమే. ఆయన పేరు ఫాస్ఫేటును కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలోనూ ఉంది, అది 1925 నాటిది. మేమూ ఫాస్ఫేటు వెంటే పడుతున్నాం గనుక ఈ పేరాను మేడం చదివినా కొట్టేయరని ధైర్యం.

ప్యూరోమైసిన్ బ్లాట్‌లో పట్టీ ఉండదు. కణంలో తయారయ్యే ప్రోటీన్లన్నీ ఎక్కడపడితే అక్కడ తెగుతాయి కాబట్టి పైనుంచి కిందిదాకా వరుసంతా ముదురుగా వస్తుంది. జూనియర్ మొదటిసారి చూసి 'ఇది పాడైంది కదా అక్కా?' అన్నాడు. 'పాడైతే ఇంత బాగా పాడవదు, కంట్రోల్ చూడు' అన్నాను. ప్యూరోమైసిన్ ఇవ్వని వరుస ఖాళీగా ఉంది. ముందుగా సైక్లోహెక్సిమైడ్‌తో రైబోజోమ్‌లను ఆపేసిన వరుస దాదాపు ఖాళీ. ఈ రెండు వరుసలు లేని ప్యూరోమైసిన్ బ్లాట్‌ను ఎవరు చూపించినా నేను నమ్మను.

ఆర్సెనైట్ మోతాదు పెరిగేకొద్దీ నలుపు తగ్గింది. 100 దగ్గర బాగా తగ్గింది, 500 దగ్గర సైక్లోహెక్సిమైడ్ వరుసకు దరిదాపుల్లో ఉంది. 200 నానోమోలార్ ఇస్రిబ్ కలిపిన జంట నమూనాల్లో 100 దగ్గర నలుపు చాలావరకు తిరిగివచ్చింది. 250 దగ్గర కొంతే. 500 దగ్గర ఇస్రిబ్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా కనిపించలేదు.

ఇక్కడే ఒక సంగతి రాసుకోవాలి. ఇస్రిబ్ ఉన్నా లేకపోయినా 100 దగ్గర ఫాస్ఫేటు పట్టీ ముదురులో మార్పు లేదు. మందు ఫాస్ఫేటును తీసేయదు, ఫాస్ఫేటు మాటను లెక్కచేయకుండా చేస్తుంది. ఫాస్ఫేటు తగ్గి తయారీ పెరిగితే అది మరో కథ అయ్యేది.

మే

ఎండలు. బయట 42 డిగ్రీలు, ఇంక్యుబేటర్‌లో 37. కణాల గదిలో ఏసీ ఒక పూట మొరాయిస్తే ఇంక్యుబేటర్ తనను తాను చల్లబరచుకోలేదు, దానికి వేడిచేయడమే తెలుసు. గది వేడెక్కిన రోజున నడిచిన ప్లేట్లన్నీ పక్కన పెట్టేశాం. వేడి కూడా ఒత్తిడే కదా, కంట్రోల్ కంట్రోల్‌లా ఉండదు. ఆ తర్వాత ఇంక్యుబేటర్‌లో విడిగా ఒక థర్మామీటరు పెట్టి, పొద్దున వచ్చినవాళ్లు దాన్ని చూసి పుస్తకంలో రాశాకే తలుపు తీయాలని నియమం పెట్టాం.

మూడో కొలత గ్రాన్యూల్స్. తయారీ మొదలుకాక ఆగిపోయిన ఎంఆర్ఎన్ఏలు (ప్రోటీన్ల తయారీకి సందేశం మోసే నకళ్లు), రైబోజోమ్ చిన్న భాగాలు, ఆర్ఎన్ఏను పట్టే ప్రోటీన్లు ఒకచోట గుమిగూడితే స్ట్రెస్ గ్రాన్యూల్. చుట్టూ పొర ఉండదు. ఒత్తిడి పోతే కరిగిపోతుంది. జీ3బీపీ1 అనే ప్రోటీన్‌కు యాంటీబాడీ పెట్టి, పచ్చగా వెలిగించి చూస్తాం. ఈ ప్లేట్లలో ప్యూరోమైసిన్ వాడకూడదు. అది రైబోజోమ్‌లను ఎంఆర్ఎన్ఏ మీద నుంచి ముందే దించేస్తుంది కాబట్టి గ్రాన్యూల్స్‌ను తనవంతుగా పెంచుతుంది. సైక్లోహెక్సిమైడ్ దీనికి ఎదురు: రైబోజోమ్‌లను ఎంఆర్ఎన్ఏ మీదే బిగించి ఉంచుతుంది, గ్రాన్యూల్స్‌ను కరిగిస్తుంది. రెండూ ప్రోటీన్ తయారీని ఆపేవే, ఫలితాలు మాత్రం తలకిందులు. తయారీ ఆగితే గ్రాన్యూల్ వస్తుందని గుడ్డిగా అనుకోకూడదని ఇంతకన్నా బాగా చెప్పేది లేదు. రైబోజోమ్‌ల నుంచి విడివడిన ఎంఆర్ఎన్ఏ ఉండాలి.

మైక్రోస్కోపు గదిలో దీపాలన్నీ ఆర్పేసి 60 రెట్ల లెన్సు కింద మొదటి స్లైడు. విషం ఇవ్వని కణాల్లో పచ్చదనం సైటోప్లాజమంతా పొగమంచులా సమానంగా పరుచుకుని ఉంది, కేంద్రకం చోట మాత్రం చీకటి. 500 మైక్రోమోలార్ స్లైడులో ఆ పచ్చదనమంతా చుక్కల్లోకి లాక్కున్నట్టు ఉంది. మధ్యలో మిగిలిన జాగా నల్లగా మారింది. చుక్కలు ఒకే సైజులో లేవు. కేంద్రకానికి దగ్గరగా పెద్దవి, రెండు కలిసి అతుక్కున్నట్టున్నవి కూడా, అంచుల్లో ఆవగింజల్లాంటివి. 100 మైక్రోమోలార్ స్లైడులో ఇంకా ఆసక్తికరంగా ఉంది: పక్కపక్కనే ఉన్న రెండు కణాల్లో ఒకటి చుక్కలతో నిండి ఉంది, రెండోది ఏమీ ఎరగనట్టుంది. ఒకే ప్లేటు, ఒకే విషం, ఒకే గంట. బ్లాట్‌లో లక్షల కణాలను కలిపి నూరేస్తాం కాబట్టి ఈ తేడా ఎన్నటికీ కనిపించదు.

లెక్కపెట్టే పద్ధతి మీద రెండు మధ్యాహ్న భోజనాలు వాదనతోనే చల్లారాయి. కణానికి కనీసం ఎన్ని చుక్కలు ఉంటే 'ఉన్నట్టు' అనాలి, ఎంత చిన్న చుక్కను వదిలేయాలి అన్నది. చివరికి హద్దులు రాసి గోడకు అంటించాం. స్లైడుల పేర్లు మూసేసి అంకెలు వేసే పని ప్రాజెక్టుతో సంబంధం లేని స్నేహితురాలికి అప్పగించాం. ఏది ఇస్రిబ్ స్లైడో తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది.

పేర్లు విప్పాక తేలింది: ఇస్రిబ్ 100 దగ్గర గ్రాన్యూల్స్‌ను దాదాపు రానివ్వలేదు, 250 దగ్గర కొన్ని కణాల్లోనే ఆపింది, 500 దగ్గర ఏమీ చేయలేదు. ప్యూరోమైసిన్ చెప్పినదే ఇదీ చెప్పింది.

జూన్

ల్యాబ్ మీటింగులో ఈ చిత్రాలు పెట్టాను. మేడం మొదటి ప్రశ్న నేను ఊహించినదే.

'500 దగ్గర వచ్చే చుక్కలు అసలు ఈఐఎఫ్2 వల్లే వస్తున్నాయని ఎలా చెబుతావమ్మా? అంత విషానికి కణంలో ఇంకెన్నో పాడవుతాయి. వేరే దారిలో వచ్చే చుక్కలైతే ఇస్రిబ్ ఆపకపోవడంలో వింతేముంది?'

'51వ సెరీన్‌ను అలనిన్‌గా మార్చిన ఎలుక కణాలు ఉన్నాయి మేడం. వాటిలో ఫాస్ఫేటు తగలడానికి చోటే లేదు. అవి తెప్పిస్తే తేలిపోతుంది.'

'తెప్పించు. వచ్చేదాకా ఈ స్లైడు కింద ఒక ప్రశ్నార్థకం పెట్టు.'

పెట్టాను. కణాలు వేరే ల్యాబు నుంచి డ్రై ఐస్‌లో వచ్చాయి. లేపి, కల్చర్లలో దొంగచాటుగా పెరిగే మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష చేసి, ఆ తర్వాతే మా ఇంక్యుబేటర్‌లోకి రానిచ్చాం. ఆ పరీక్షలో రాజీ లేదు. మైకోప్లాస్మాకు కణకవచం ఉండదు, పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు, మీడియం మబ్బుపట్టదు, ఒక్క ప్లేటు నుంచి గది మొత్తానికి పాకుతుంది. 500 మైక్రోమోలార్ ఇస్తే మామూలు ఎలుక కణాల్లో చుక్కలు నిండుగా వచ్చాయి, సెరీన్ లేని కణాల్లో రాలేదు. ప్రచురితమైన పాత ఫలితమే, మా చేతుల్లోనూ వచ్చింది. కాబట్టి 500 దగ్గర కూడా దారి ఫాస్ఫేటు మీదుగానే. ఎలుక కణాలు యూ2ఓఎస్ కావు, ఆ మేరకు ప్రశ్నార్థకం చిన్నదైంది గానీ పూర్తిగా పోలేదు.

ఇక మిగిలిన ప్రశ్న అసలుది: దారి అదే అయినప్పుడు మందు ఎందుకు ఓడిపోతోంది? జూనియర్‌కు వైట్‌బోర్డు మీద చెప్పినట్టే ఇక్కడా రాస్తాను.

ఈఐఎఫ్2 పని మొదటి అమైనో ఆమ్లాన్ని మోస్తున్న టీఆర్ఎన్ఏను రైబోజోమ్‌కు చేర్చడం. చేర్చాక దాని దగ్గరి జీటీపీ జీడీపీగా మారిపోతుంది. అంటే ఖాళీ గ్యాసు సిలిండరుతో మిగులుతుంది. ఖాళీది తీసుకుని నిండుది ఇచ్చే కౌంటరు ఈఐఎఫ్2బీ అనే మరో ప్రోటీన్. కణంలో ఈఐఎఫ్2లు చాలా, కౌంటర్లు కొద్ది. ఫాస్ఫేటు తగిలిన ఈఐఎఫ్2 కౌంటరు దగ్గరికి వచ్చి, సిలిండరు మార్చుకోదు, కదలదు. కౌంటర్లు తక్కువ కాబట్టి అలాంటివాళ్లు కొందరొస్తే చాలు, వరుస మొత్తం ఆగిపోతుంది. ఈఐఎఫ్2లన్నిటికీ ఫాస్ఫేటు తగలనక్కర్లేదన్నది ఇందులో కీలకం.

ఈఐఎఫ్2బీ పది ముక్కల యంత్రం, ఐదు రకాల ముక్కలు రెండేసి. రెండు అర్ధభాగాలు కలిసే అతుకు దగ్గర ఇస్రిబ్ కూర్చుని వాటిని కుట్టినట్టు పట్టి ఉంచుతుందని 2018లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు చూపించాయి. ఆ అణువుకు కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి, అతుకుకూ అంతే. 2021లో వచ్చిన చిత్రాలు కథను ఇంకొంచెం మార్చాయి. ఫాస్ఫేటు ఉన్న ఈఐఎఫ్2 అడ్డంగా నిలబడటమే కాదు, మరో వైపు అతుక్కుని యంత్రం ఆకారాన్నే పనిచేయని భంగిమకు వంచుతుంది. ఇస్రిబ్ దాన్ని పనిచేసే భంగిమలో బిగించి ఉంచుతుంది. ఇద్దరూ చెరో చోట కూర్చుని ఒకే యంత్రాన్ని చెరో వైపు లాగుతున్నారు. ఫాస్ఫేటు ఉన్నవి కొద్దిగా ఉంటే ఇస్రిబ్‌ది పైచేయి, బాగా పెరిగితే భంగిమ మారిపోయి ఇస్రిబ్‌కు కూర్చునే చోటే సరిగా మిగలదు. మోతాదు పెంచి ఇస్రిబ్‌ను 1 మైక్రోమోలార్ చేసినా 500 దగ్గర ఫలితం మారకపోవడం దీనికి సరిపోతుంది.

అలాగైతే హద్దును ఆర్సెనైట్ మోతాదులో చెప్పడం తప్పు కొలమానం. 'మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫాలో ఎంత వంతుకు ఫాస్ఫేటు తగిలింది' అన్నది కావాలి. మార్చిలో చేసిన జంట జెల్స్ ఆ వంతును చెప్పవు. రెండు యాంటీబాడీలు వేర్వేరు బలంతో అతుక్కుంటాయి, వచ్చే నిష్పత్తి పోల్చుకోవడానికే తప్ప వంతుగా పనికిరాదు. దానికి జపాన్‌లో పుట్టిన ఫాస్-ట్యాగ్ జెల్ ఉంది. ఇందులో కలిపిన అణువు లోహపు అయాన్ల సాయంతో ఫాస్ఫేటును పట్టుకుని లాగుతుంది, ఫాస్ఫేటు ఉన్న ప్రోటీన్ వెనకబడుతుంది. ఒకే యాంటీబాడీతో ఒకే వరుసలో రెండు పట్టీలు: పైది ఫాస్ఫేటు ఉన్నది, కిందిది లేనిది. నమూనాలో ఈడీటీఏ ఉంటే లోహాన్ని అది ఎత్తుకుపోతుంది కాబట్టి కణాలను పగలగొట్టే మా పాత లైసిస్ బఫర్ పనికిరాదు, కొత్తది కలిపాం. ఈ జెల్ మెల్లగా నడుస్తుంది, ఓపికను పరీక్షిస్తుంది, ప్రోటీన్‌ను మెంబ్రేన్‌కు సులువుగా వదలదు. కుదిరిన రోజున మాత్రం మార్చి నెల మొత్తం చెప్పలేనిది ఒక్క చూపులో చెబుతుంది. 100 దగ్గర పై పట్టీ కింది పట్టీ కన్నా స్పష్టంగా చిన్నది. 500 దగ్గర పైదే పెద్దది. 250 ఆ రెండింటి మధ్య. ఇస్రిబ్ గెలిచిన చోటు, ఓడిన చోటు ఆ వరుసలోనే ఉన్నాయి.

జులై

గాఢత మెల్లగా మారే సూక్రోజ్ ద్రావణంలో పాలిసోమ్‌ల (ఒకే ఎంఆర్ఎన్ఏ మీద వరుసగా పనిచేసే రైబోజోమ్‌ల) పరీక్ష కూడా చేసి పెట్టుకున్నాం, ఉమ్మడి పరికరాల గదిలో అల్ట్రాసెంట్రిఫ్యూజ్ ఖాళీ దొరికిన మేరకు. 100 దగ్గర పాలిసోమ్‌లు కుంగి, ఒంటరి రైబోజోమ్‌లను చూపే 80ఎస్ శిఖరం లేచింది, ఇస్రిబ్‌తో మళ్లీ పాలిసోమ్‌లు లేచాయి. 500 దగ్గర లేవలేదు. ఇందులో కొత్త సంగతేమీ లేదు, పత్రం సమీక్షకులు అడుగుతారు కాబట్టి చేసిన పని.

ఈ నెల ఎక్కువగా చదివింది జబ్బుల గురించి. ఈఐఎఫ్2బీ ఐదు జన్యువుల్లో ఏది బలహీనపడినా వ్యానిషింగ్ వైట్ మ్యాటర్ అనే వ్యాధి వస్తుంది. ఎక్కువగా పిల్లల్లో, మెదడులోని తెల్ల పదార్థం క్రమంగా కరిగిపోతుంది. ఆ పిల్లలకు మామూలు జ్వరం వచ్చినా, తలకు చిన్న దెబ్బ తగిలినా పరిస్థితి ఒక్కసారిగా దిగజారుతుంది. కౌంటర్లే బలహీనమైన కణాలకు మనకు లెక్కలోకి రాని ఒత్తిడి కూడా హద్దు దాటినట్టే. ఇస్రిబ్ దారిలో పుట్టిన మందులకు అర్థవంతమైన చోటు ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ లోపం ఉన్నది సరిగ్గా మందు పట్టుకునే యంత్రంలోనే.

ఎలుకల్లో, మడత తప్పిన ప్రోటీన్ల వల్ల మెదడుకు వచ్చే ప్రయాన్ వ్యాధి కథ కొంచెం వేరు. అక్కడ ఫాస్ఫేటు నెలల తరబడి తగిలే ఉండి న్యూరాన్లను ప్రోటీన్లు లేక ఎండబెడుతుందని 2012లో చూపించారు. పెర్క్‌ను అణిచే మందు ఇస్తే న్యూరాన్లు నిలిచాయి, కానీ పాంక్రియాస్ దెబ్బతింది. ఇన్సులిన్ తయారుచేసే కణాలకు పెర్క్ లేకపోతే గడవదు. 2015లో ఇస్రిబ్ ఇచ్చి చూస్తే న్యూరాన్లు నిలిచాయి, పాంక్రియాస్ దెబ్బతినలేదు. ఆ పత్రంలో తయారీ తిరిగి వచ్చింది పాక్షికంగానే. ఆ 'పాక్షికంగా' అన్నదే నాకు బంగారం. పూర్తిగా తెరవలేకపోవడం ఇక్కడ మందుకు బలహీనత కాదు, పాంక్రియాస్ బతకడానికి కారణం అదే కావచ్చు. నిజంగా ఆపద ముదిరిన కణంలో ఐఎస్ఆర్ దాని పని అది చేసుకుంటుంది.

అలాగని ఆశలు పెంచుకోవడానికి లేదు. ఈఐఎఫ్2బీని బలపరిచే రెండు మందులు, డీఎన్ఎల్343, ఫోసిగోటిఫేటర్, కండరాలను నడిపే న్యూరాన్లు చచ్చిపోయే ఏఎల్ఎస్ వ్యాధి ఉన్న రోగుల్లో పరీక్షలకు వెళ్లాయి. 2025 ఆరంభంలో వచ్చిన ఫలితాల్లో రెండూ ప్రధాన లక్ష్యాన్ని చేరలేదు. రోగి న్యూరాన్లలో ఐఎస్ఆర్ హద్దుకు ఇటు ఉందా అటు ఉందా అన్నది బతికున్న మెదడులో కొలవడం ఎంత కష్టమో, ఒక ప్లేటులో కొలవడానికే ఇంత తంటాలు పడిన మాకు తెలుసు.

ఆగస్టు

రెండో భాగం మొదలు. కే562 అనే మనిషి ల్యుకేమియా కణాలు, హెచ్ఆర్ఐ.

హెచ్ఆర్ఐ అసలు కొలువు ఎర్రరక్తకణాలుగా మారుతున్న కణాల్లో. హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టి ఉంచే హీమ్ నిండుగా ఉన్నంతసేపు అణిగి ఉంటుంది. ఇనుము తగ్గి హీమ్ తగ్గితే లేచి ఈఐఎఫ్2కు ఫాస్ఫేటు తగిలిస్తుంది, హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్ అయిన గ్లోబిన్ తయారీ ఆగుతుంది. హీమ్ లేని గ్లోబిన్ ఒంటరిగా పేరుకుపోతే ముద్దకట్టి కణాన్ని చంపుతుంది, దాన్ని రానివ్వకుండా ఇది కాపు కాస్తుంది. హెచ్ఆర్ఐ తీసేసిన ఎలుకలకు ఇనుము తగ్గిస్తే సరిగ్గా అలాంటి ముద్దలే కనిపించాయని 2001లో తేలింది. ఇనుము లోపంలో ఎర్రకణాలు చిన్నవిగా, వెలిసిపోయి ఉండటం వెనుక ఈ నిర్ణయం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నీ ఇనుము లోపం వల్ల వచ్చినవి కావు, అయినా ఈ ఎంజైము ఎందరి ఒంట్లో మెలకువగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. బీటా థలసేమియా, సికిల్ సెల్ వ్యాధుల కోణం ఇంకొకటి: హెచ్ఆర్ఐని తగ్గిస్తే పెద్దల ఎర్రకణాల్లో కూడా గర్భస్థ హిమోగ్లోబిన్ పెరుగుతుందని 2018లో వచ్చిన పత్రం. అయితే థలసేమియా ఎలుకల్లో హెచ్ఆర్ఐ పూర్తిగా లేకపోతే వ్యాధి ముదురుతుంది కూడా. ఒకే ఎంజైము, తగ్గిస్తే లాభం, తీసేస్తే నష్టం. మా హద్దు ప్రశ్న ఇక్కడికే వచ్చి చేరుతుంది.

కే562లు ప్లేటుకు అతుక్కోవు, మీడియంలో తేలుతుంటాయి. యూ2ఓఎస్‌కు రాసుకున్న పద్ధతులు సగం మార్చాలి. గ్రాన్యూల్స్ కోసం కవర్‌స్లిప్‌కు పాలీలైసిన్ పూసి కణాలను అంటించాలి, అవి గుండ్రంగా ఉంటాయి కాబట్టి పొరలు పొరలుగా చిత్రాలు తీయాలి. జూనియర్ అన్నాడు: 'అక్కా, ఇందులో గ్రాన్యూల్స్ వదిలేసి ఫాస్-ట్యాగ్, ప్యూరోమైసిన్ మాత్రం చూస్తే సరిపోదా?' ఒక్కో కణానికీ ఉన్న తేడాను 100 మైక్రోమోలార్ స్లైడులో చూశాక వదలడానికి నాకు మనసొప్పలేదు, అదే చెప్పాను. ప్యూరోమైసిన్‌కు యాంటీబాడీ పెట్టి ఫ్లో సైటోమీటర్‌లో నడిపితే ఒక్కో కణం తయారీ విడిగా తెలుస్తుంది కదా, తేలే కణాలకు అదే సులువు అన్నాడు. నిజమే. గ్రాన్యూల్స్ రెండో విడతకు వెళ్లాయి.

ఈ వారం హీమ్ లాంటి హీమిన్‌తో కొన్ని ఫ్లాస్కులు మొదలుపెట్టాం. హీమిన్ ఇస్తే కే562 కణాలు హిమోగ్లోబిన్ చేస్తాయి, తిప్పి అడుగుకు దించిన కణాల ముద్ద ఎర్రబారుతుంది. ఇనుమును పట్టేసే డెస్‌ఫెరాక్సమిన్‌తో కొన్ని, రెండూ లేకుండా కొన్ని. ఆర్సెనైట్ మోతాదులను ఈసారి ఇంకా కింది నుంచి మొదలుపెట్టి, 100 కింద మెట్లు ఎక్కువ పెడుతున్నాం. మొదట ఫాస్-ట్యాగ్ జెల్, అందులో రెండు పట్టీలు శుభ్రంగా విడివడితేనే ఇస్రిబ్ సీసా బయటికి తీస్తాం.